ఇంటి వైఫైని కొలిచే పద్ధతి: రెండు రౌటర్లలో ఏది మెరుగో తేల్చుకోవడం ఎలా?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పాత రౌటర్ తీసి కొత్తది పెట్టారు. దాని పెట్టె మీద 3000 అని ఉంది. మీ ఇంటర్నెట్ కనెక్షన్ 200 మెగాబిట్లది. సోమవారం రాత్రి హాలులో పాత రౌటర్‌తో ఫోనులో స్పీడ్ టెస్ట్ చేస్తే 180 వచ్చింది, మంగళవారం ఉదయం కొత్తదానితో చేస్తే 165 వచ్చింది. వెనక గదిలో వీడియో కాల్ ఇప్పటికీ మధ్యమధ్యలో ఆగిపోతోంది. కొత్తది వెనక్కి ఇచ్చేయాలా అని అడిగారు.

ఇంకో రెండు రోజులు ఆగండి. 180, 165 అన్న ఆ రెండు అంకెలను బట్టి ఏ రౌటర్ గురించీ ఏమీ చెప్పలేం. అవి కొలిచింది చాలావరకు మీ ఇంటర్నెట్ లైనును. ఫోనులో స్పీడ్ టెస్ట్ నొక్కితే డేటా ఎక్కడో ఉన్న సర్వర్ దగ్గర బయలుదేరి, కనెక్షన్ ఇచ్చిన సంస్థ లైను మీదుగా మోడెమ్‌కు, అక్కడి నుంచి రౌటర్‌కు, ఆపైన గాలిలో ఫోనుకు వస్తుంది. దారిలో ఎక్కడ ఇరుకుగా ఉంటే మీకు కనిపించే అంకె అక్కడిదే. లైనే 200 దగ్గర ఆగిపోతుంటే హాలులో ఎంత గొప్ప రౌటర్ పెట్టినా 200 దాటదు. రాత్రికీ పొద్దుటికీ లైను మీద రద్దీ మారుతుంది, అవతలి సర్వర్ మారవచ్చు, మీరు ఫోను పట్టుకున్న తీరు మారవచ్చు. పదిహేను మెగాబిట్ల తేడా రావడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు.

కాబట్టి మొదటి పని: ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి అదే స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్ మీద కూడా 185, 190 వస్తే హాలులో మీ వైఫైకి ఏ లోపమూ లేదు, లైను ఇవ్వగలిగినదంతా అది ఫోనుకు చేరవేస్తోంది. అప్పుడు మన సమస్య వెనక గది ఒక్కటే. ఇక కొలవాల్సింది ఆ గదిని, అదీ ఇంటర్నెట్‌ను మధ్యలోకి రానివ్వకుండా.

పెట్టె మీది 3000 సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే నిరుత్సాహపడతారు. అది రెండు బ్యాండ్ల (రౌటర్ వాడే రెండు రేడియో తరంగాల పట్టీల) గరిష్ఠ లింక్ రేట్లను, అంటే గాలిలో రౌటరూ పరికరమూ కుదుర్చుకునే వేగాలను, కలిపిన మొత్తం. 2.4 గిగాహెర్ట్జ్ మీద 574, 5 గిగాహెర్ట్జ్ మీద 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానల్‌తో (ఛానల్ అంటే బ్యాండ్‌లో ఒక ముక్క) 2402, రెండూ కలిపి 2976. దాన్నే 3000 అని రాస్తారు. సాధారణంగా ఫోను ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. ఎక్కువ ఫోన్లలో రెండు యాంటెన్నాలే ఉంటాయి, చాలావాటికి 80 మెగాహెర్ట్జ్ వెడల్పు మించి రాదు. అంటే వైఫై 6 తరం ఫోనుకు లింక్ రేటు 1201 దాకా, దాని ముందుతరం వైఫై 5 ఫోనుకు 867 దాకా. ఈ లింక్ రేటు కూడా చేతికి అందే వేగం కాదు. గాలి అందరిదీ. ఒకరు పంపుతుంటే మిగతావాళ్లు ఆగాలి, పంపిన ప్రతిసారీ ముందు ఒక పలకరింపు, తరువాత అందిందని ఒక జవాబు, ఆ మధ్య కొంత నిరీక్షణ. వీటన్నిటికీ పోగా లింక్ రేటులో సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు డేటాగా మిగిలితే అది ఆరోగ్యకరమైన వైఫై. 867 చూపించే ల్యాప్‌టాప్‌లో 500, 550 వస్తే సంతోషించాలి.

ఇక అసలు పరీక్ష. దీనికి రెండు యంత్రాలు కావాలి. ఒకటి రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన కంప్యూటర్, రెండోది వైఫై మీద ఉన్న ల్యాప్‌టాప్. రెండింటిలోనూ ఐపెర్ఫ్3 అనే, రెండు కంప్యూటర్ల మధ్య డేటా వేగాన్ని కొలిచే ఉచిత ప్రోగ్రామ్ వేయండి. దీన్ని అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల నడిపే ఈఎస్‌నెట్ అనే పరిశోధనా నెట్‌వర్క్ తయారుచేసింది. కేబుల్ కంప్యూటర్‌లో దాన్ని సర్వర్‌గా (పరీక్ష కోసం ఎదురుచూసేదిగా), ల్యాప్‌టాప్‌లో క్లయింట్‌గా (పరీక్ష మొదలుపెట్టేదిగా) నడపాలి. అప్పుడు డేటా ఇంటి గడప దాటదు. కేబుల్ కంప్యూటర్, రౌటర్, గాలి, ల్యాప్‌టాప్, అంతే. సర్వర్‌ను రౌటర్‌లోనే నడిపే సదుపాయం కొన్నిటిలో ఉంటుంది, దాని జోలికి పోవద్దు. డేటాను పుట్టించడం ఒక పని, వచ్చిన డేటాను దాటవేయడం ఇంకో పని. రౌటర్‌లోని చిన్న ప్రాసెసర్ మొదటి పనికి చాలక తక్కువ అంకె వస్తే, ఆ నింద వైఫై మీద పడుతుంది.

గాలిలోకి దిగేముందు తీగ మీద సరిచూసుకోండి. ల్యాప్‌టాప్‌ను కూడా కేబుల్‌తో కలిపి ఒకసారి ఐపెర్ఫ్3 నడపండి. గిగాబిట్ పోర్టుల మధ్య దాదాపు 940 రావాలి. పూర్తి 1000 ఎందుకు రాదంటే, తీగ మీద ఒక్కో ప్యాకెట్‌కు (డేటా మూటకు) 1538 బైట్ల చోటు పడుతుంది, అందులో మీ డేటా 1448 బైట్లే. మిగిలినదంతా చిరునామాలు, తనిఖీ అంకెలు, ప్యాకెట్ల మధ్య విరామం. 1448ని 1538తో భాగిస్తే 0.941. ఈ లెక్క ఒకసారి మనసులో నాటుకుంటే తీగ మీది అంకెను చూడగానే ఆరోగ్యం తెలిసిపోతుంది.

ఈ సరిచూపును నేను ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానో వినండి. కొన్నేళ్ల క్రితం ఒక బంధువుల ఇంట్లో కొత్త రౌటర్‌ను కొలిచాను. పక్క గదిలో 94, హాలులో 94, రౌటర్‌కు రెండడుగుల దూరంలో కూడా 94. ఐదారుసార్లు ఛానల్ మార్చాను, యాంటెన్నాలు తిప్పాను. అంకె కదలలేదు. రౌటర్ పనికిరాదని తేల్చి మార్పించేదాకా వెళ్లాను. మార్చి ఇచ్చినదానిలోనూ 94. అప్పుడు కేబుల్ తీసి వెలుతురులో పెట్టి చూస్తే, కొస దగ్గర పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్కలో ఎనిమిది తీగల్లో ఒకటి, గోధుమరంగుది, లోపలి దాకా వెళ్లకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉంది. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుకే కనెక్షన్ తెగిపోకుండా నిశ్శబ్దంగా 100కు దిగిపోయింది. 100కు 0.941 లెక్క వేస్తే 94. అంకె మొదటి నిమిషంలోనే జవాబు చెప్పింది, నాకే అప్పటికి ఆ భాష తెలియదు. గాలి మీద వచ్చే అంకెలు ఎప్పుడూ ఊగుతాయి. ఊగకుండా ఒకే చోట నిలబడిన అంకె కనిపిస్తే అది గాలిది కాదు, ఏదో తీగదో పోర్టుదో హద్దు. మీరూ చూడండి: కొన్ని చవక రౌటర్లలో వైఫై వేగంగా ఉన్నా తీగ పోర్టులు 100వే ఉంటాయి.

(మీ ల్యాప్‌టాప్ 160 మెగాహెర్ట్జ్ వెడల్పును అందుకోగలిగితే దగ్గరి కొలత 940 వద్ద ఆగిపోవచ్చు. అది గిగాబిట్ పోర్టు హద్దు. దాన్ని దాటి కొలవాలంటే 2.5 గిగాబిట్ పోర్టు రెండు వైపులా ఉండాలి. వెనక గది సమస్యకు ఇది అవసరం లేదు.)

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే విషయం: ల్యాప్‌టాప్‌ను ఎక్కడ పెడుతున్నారు? 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు అయిదున్నర సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్‌ది పన్నెండున్నర. గదిలోకి వచ్చిన తరంగం నేరుగా ఒకటి, గోడకు తగిలి ఒకటి, బీరువాకు తగిలి ఒకటి, ఇలా ఎన్నో దారుల్లో యాంటెన్నాను చేరుతుంది. అవి ఒక చోట ఒకదానికొకటి తోడవుతాయి, మూడు సెంటీమీటర్లు పక్కకు జరిగితే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. మీరే చేసి చూడవచ్చు. వెనక గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, సిగ్నల్ బలం డెసిబెల్‌లలో చూపించే యాప్ తెరిచి, దాన్ని రెండు వేళ్ల వెడల్పు చొప్పున మెల్లగా జరపండి. మైనస్ 66 ఉన్నది మైనస్ 72 అవుతుంది, మళ్లీ 67కు వస్తుంది (సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత బలం). ఆరు డెసిబెల్‌లంటే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోవడం. రౌటర్ మారలేదు, గది మారలేదు, బల్ల కూడా అదే. ఈ జానెడు తేడాలోనే చాలామంది ఒక రౌటర్‌ను గెలిపించి ఇంకోదాన్ని ఓడిస్తుంటారు.

అందుకని బల్ల మీద ల్యాప్‌టాప్ నాలుగు మూలలకూ టేపు అంటించి గుర్తు పెట్టండి. ప్రతి పరీక్షలోనూ ఆ గుర్తుల్లోనే ఉండాలి. యాంటెన్నాలు సాధారణంగా తెర అంచుల్లో ఉంటాయి కాబట్టి తెరను ఒకే కోణంలో తెరవండి. ఛార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద నడుస్తుంటే కొన్ని ల్యాప్‌టాప్‌లు వైఫై శక్తిని తగ్గించుకుంటాయి. తలుపు మూస్తే ప్రతిసారీ మూసే ఉండాలి. పరీక్ష మొదలుపెట్టి మీరు రౌటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్యలో నిలబడకండి, మన ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, అది ఈ తరంగాలను పీల్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే దిక్కులో కొలిచి ఊరుకోకుండా ల్యాప్‌టాప్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు దిక్కుల్లోనూ కొలవండి. యాంటెన్నా అన్ని వైపులా ఒకేలా వినదు.

ప్రయోగశాలల్లో చేసేదీ ఇదే, ఇంకా శ్రద్ధగా. బయటి తరంగాలు చొరబడని లోహపు గదిలో రౌటర్‌ను తిరిగే బల్ల మీద పెట్టి, దూరానికి బదులు సిగ్నల్‌ను మెట్లుమెట్లుగా బలహీనపరిచే పరికరాలతో ఒక్కో మెట్టులో వేగం ఎంతో రాసుకుంటారు. బ్రాడ్‌బ్యాండ్ ఫోరమ్ అనే సంస్థ 2019లో టీఆర్-398 పేరుతో ఇళ్లలో వాడే వైఫైకి ఇలాంటి పరీక్షా విధానాన్ని ప్రచురించింది. దూరం పెరిగేకొద్దీ వేగం ఎలా తగ్గుతుంది, దిక్కు మారితే ఎంత మారుతుంది, చాలా పరికరాలు ఒకేసారి అడిగితే ఎలా పంచుతుంది, గంటల తరబడి నడిస్తే నిలకడగా ఉంటుందా అన్నవన్నీ అందులో ఉన్నాయి. మన దగ్గర ఆ గది లేదు. కానీ సిగ్నల్‌ను బలహీనపరిచే పరికరాలు ఇంటి నిండా ఉన్నాయి, వాటినే గోడలంటాం. మూడు చోట్లు ఎంచుకోండి. ఒకటి రౌటర్ ఉన్న గదిలోనే రెండు మూడు మీటర్ల దూరంలో, సిగ్నల్ మైనస్ 45 ప్రాంతంలో. మరీ ఆనుకుని పెడితే కొన్ని రిసీవర్లు ఆ ధాటికి తడబడతాయి. రెండోది ఒక గోడ అవతల, మైనస్ 60 దరిదాపుల్లో. మూడోది మీ వెనక గది, కాల్ ఆగిపోయే కుర్చీ ఉన్న సరిగ్గా ఆ చోటు. ఆ మూడో చోటు మీద రెండింతల సమయం పెట్టండి. దగ్గరలో అన్ని రౌటర్లూ బాగానే ఉంటాయి.

పోల్చేటప్పుడు మారాల్సింది రౌటర్ ఒక్కటే. మిగతావన్నీ మీరే బిగించాలి. రెండు రౌటర్లనూ అదే అరలో, అదే దిక్కుకు పెట్టండి. కొత్తదానిలో 2.4, 5 బ్యాండ్లు ఒకే పేరుతో ఉంటే విడదీసి వేర్వేరు పేర్లు ఇవ్వండి, లేకపోతే ల్యాప్‌టాప్ ఏ బ్యాండ్ మీద ఉందో తెలియకుండానే అంకెలు రాసుకుంటారు. ఛానల్‌ను, దాని వెడల్పును ఆటోలో వదలకుండా రెండింటిలోనూ ఒకటే పెట్టండి. 2.4లో అయితే 1, 6, 11లో ఒకటి, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. 5లో 80 వెడల్పు. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి, అక్కడ రౌటర్ మాట్లాడేముందు కనీసం 60 సెకన్లు మౌనంగా వినాలి, రాడార్ వినబడితే ఛానల్ ఖాళీ చేయాలి. పరీక్ష మధ్యలో అలా జరిగితే లెక్క తారుమారవుతుంది, అందుకే పరీక్ష వరకు 36 నుంచి 48 లోపు ఛానళ్లలో ఉండటం మంచిది. ఒక రౌటర్‌ను కొలుస్తున్నప్పుడు రెండోదాని వైఫై పూర్తిగా ఆపేయండి. ఆన్ చేసిన వెంటనే కొలవకండి, ఐదు నిమిషాలు ఆగండి.

పాతదానితో అయిదుసార్లు కొలిచి, ఆపైన కొత్తదానితో అయిదుసార్లు కొలవడం కూడా తప్పే. చుట్టుపక్కల ఇళ్ల వైఫై రద్దీ అరగంటలో మారిపోతుంది. పాతది, కొత్తది, పాతది, కొత్తది అని ఒకదాని తరువాత ఒకటి మార్చుతూ కొలవండి. విసుగ్గానే ఉంటుంది. కానీ రద్దీ పెరిగినా తగ్గినా ఆ ప్రభావం ఇద్దరి మీదా సమానంగా పడాలంటే ఇంకో మార్గం లేదు. ప్రతి కొలతా 60 సెకన్లు ఉండాలి, మొదటి అయిదు సెకన్లను వదిలేయమని ఐపెర్ఫ్3కే చెప్పవచ్చు. వేగం మెల్లగా పుంజుకునే ఆ సెకన్లు సగటును చెడగొడతాయి. రెండు దిశల్లోనూ చేయండి. మామూలుగా నడిపితే ల్యాప్‌టాప్ పంపుతుంది, రివర్స్ అనే ఐచ్ఛికం పెడితే ల్యాప్‌టాప్ అందుకుంటుంది. ఈ పంపే దిశను నిర్లక్ష్యం చేయవద్దు. రౌటర్ గొంతు పెద్దది, ఫోను గొంతు చిన్నది. వెనక గదిలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే వీడియో కాల్‌లో మీ ముఖం అవతలివాళ్లకు గడ్డకట్టిపోతుంటే కారణం చాలావరకు ఇదే. గీతలు చెప్పేది రౌటర్ మాట మీకు ఎంత వినబడుతోందని మాత్రమే.

వచ్చిన అంకెల్లో సగటును చూడకండి, వరుసలో పేర్చి నడుమ ఉన్నదాన్ని, అంటే బడి లెక్కల్లో మనం చదువుకున్న మధ్యగతాన్ని చూడండి. దాని పక్కనే అతి తక్కువ అంకెను కూడా రాసుకోండి. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. దగ్గరి గదిలో పాతది 412, 398, 431, 377, 405 ఇచ్చిందనుకుందాం. కొత్తది 440, 388, 421, 395, 409. మధ్యగతాలు 405, 409. ఒక్కో రౌటర్ తనలో తానే యాభై మెగాబిట్లు ఊగుతున్నప్పుడు ఈ నాలుగు మెగాబిట్ల తేడాకు అర్థం లేదు, ఇద్దరూ సమానమని రాసుకుని ముందుకు వెళ్లాలి. వెనక గదిలో పాతది 61, 58, 12, 64, 9. కొత్తది 47, 45, 49, 44, 46. మధ్యగతం చూస్తే 58కి 46, పాతదే గెలిచింది. నేను మాత్రం ఏ మాత్రం తటపటాయించకుండా కొత్తదాన్ని ఎంచుకుంటాను. వీడియో కాల్‌కు నాలుగైదు మెగాబిట్లు చాలు. 12కూ 9కీ పడిపోయిన ఆ నిమిషాల లోపల ఒక్కో సెకను సున్నా దాకా వెళ్లి ఉంటుంది, కాల్ ఆగేది అక్కడే. ఐపెర్ఫ్3 సెకనుకో వరుస రాస్తుంది, చివరి మొత్తం ఒక్కటే చూసి మూసేయకుండా ఆ వరుసలన్నీ చదవండి.

ఇక నా దృష్టిలో అన్నిటికంటే విలువైన కొలత, స్పీడ్ టెస్ట్‌లో చాలామంది కన్నెత్తి చూడనిది: భారం ఉన్నప్పటి జాప్యం. ల్యాప్‌టాప్‌లో రెండు విండోలు తెరవండి. ఒకదానిలో రౌటర్‌కు పింగ్ పెట్టండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపటికి వస్తుందో కొలిచే ఆదేశం. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మూడు, నాలుగు మిల్లీసెకన్లు వస్తుంటాయి. ఇరవై సెకన్లు అలా చూసి, రెండో విండోలో ఐపెర్ఫ్3 మొదలుపెట్టండి. పింగ్ వరుసల మీదే కన్ను పెట్టండి. 4, 3, 4 అంటూ నడుస్తున్న వరుస 30కి వెళ్లి అక్కడ నిలబడితే మంచి రౌటర్. 80, 190, 340 అంటూ ఎక్కుతూ పోతే, ఆ ఇంట్లో ఒకరు ఫైలు దించుకుంటుంటే ఇంకొకరు ఫోన్‌లో మాట్లాడలేరు. వేగం 500 ఉన్నా సరే. ప్యాకెట్లను పారేయడం ఇష్టంలేక రౌటర్లు పెద్ద పెద్ద క్యూలు కట్టి నిలబెడతాయి, మీ మాటల ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతుంది. జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు 2010, 2011 ప్రాంతంలో దీన్ని బఫర్‌బ్లోట్ అనే పేరుతో అందరి దృష్టికీ తెచ్చారు. కాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ 2012లో కోడెల్ అనే విరుగుడు ప్రతిపాదించారు. క్యూ ఎంత పొడుగున్నదని చూడకుండా ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందని చూడటం దాని కీలకం. దాని నుంచి పుట్టిన ఎఫ్‌క్యూ-కోడెల్ 2018లో ఆర్‌ఎఫ్‌సి 8290 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. మీ కొత్త రౌటర్ సెట్టింగులలో క్యూ నియంత్రణకు సంబంధించి ఇలాంటి పేరు ఏదైనా కనిపిస్తే ఆన్ చేసి, ఇదే పరీక్ష మళ్లీ చేసి చూడండి.

జాప్యం ఎక్కడ పుడుతోందో కూడా విడదీయవచ్చు. ఇంటి లోపలి భారంతో రౌటర్‌కు పింగ్ పెరిగితే క్యూ గాలి దగ్గర ఉంది. అది బాగుండి, ఇంటర్నెట్ నుంచి పెద్ద ఫైలు దించుకునేటప్పుడో ఎక్కించేటప్పుడో బయటి చిరునామాకు పింగ్ పెరిగితే క్యూ మోడెమ్ దగ్గర ఉంది. రెండో జబ్బుకు వైఫై మార్చడం మందు కాదు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కంప్యూటర్ నుంచి ఫోనుకు పింగ్ పెడితే ఏ భారం లేకుండానే 100, 200 మిల్లీసెకన్లు కనిపించవచ్చు. ఫోను బ్యాటరీ కోసం మధ్యమధ్య కునుకు తీస్తుంది, రౌటర్ సుమారు ప్రతి 102 మిల్లీసెకన్లకు ఒకసారి పంపే బీకన్ (నేనిక్కడున్నానని చెప్పే సంకేతం) విని లేస్తుంది. పింగ్‌ల మధ్య విరామాన్ని సెకను నుంచి అయిదో వంతుకు తగ్గిస్తే ఫోనుకు నిద్రపోయే తీరిక దొరకదు, అంకె చాలావరకు దిగిపోతుంది. దాన్ని వైఫై లోపంగా రాసుకోకండి.

ఇంట్లో పరికరాలు ఎక్కువ ఉంటే ఇంకో పరీక్ష. మీ దగ్గరున్న పాత ఫోనును వెనక గదిలో పెట్టి దానితో ఏదైనా పెద్ద వీడియో దించుకోండి. అదే సమయంలో హాలులో ల్యాప్‌టాప్ వేగం కొలవండి. 400 ఉన్నది 60కి పడిపోతే ఆశ్చర్యపోకండి. వైఫై తన సహజ పద్ధతిలో అందరికీ సమానంగా పంచేది వంతులను, సమయాన్ని కాదు. 1500 బైట్ల ప్యాకెట్ 600 మెగాబిట్ల వేగంతో వెళ్తే గాలిని 20 మైక్రోసెకన్లు వాడుకుంటుంది. 6 మెగాబిట్ల వేగంతో అదే ప్యాకెట్‌కు 2000 మైక్రోసెకన్లు. చెరో వంతు అన్న లెక్కలో నెమ్మదైనది నూరు రెట్ల సమయాన్ని తీసేసుకుంటుంది, ఆ భారం వేగంగా ఉన్నదాని మీద పడుతుంది. ఇప్పటి రౌటర్లు చాలా ప్యాకెట్లను మూటగట్టి పంపడం వల్ల దెబ్బ కొంత తగ్గుతుంది, సమయాన్ని సమంగా పంచే సదుపాయం ఉన్నవాటిలో ఇంకా బాగా తగ్గుతుంది. రెండు రౌటర్ల మధ్య అసలైన తేడా నేను ఎక్కువసార్లు చూసింది ఈ పరీక్షలోనే.

చుట్టుపక్కల అడ్డంకుల గురించి క్లుప్తంగా. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, అది నడుస్తుండగా 2.4 బ్యాండ్‌ను కొలవకండి. రౌటర్‌కు యూఎస్‌బీ 3 డిస్కు తగిలించి ఉంటే తీసేయండి, ఆ కేబుల్ నుంచి వెలువడే రొద 2.4 బ్యాండ్ మీద పడుతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చూపించింది. రౌటర్‌ను టీవీ వెనక, అద్దం వెనక, చేపల తొట్టి పక్కన పెట్టవద్దు.

వెనక గది కోసం రిపీటర్ కొనాలని అనుకుంటున్నట్టు కూడా రాశారు. ఒకే రేడియోతో విని మళ్లీ అదే రేడియోతో చెప్పే రిపీటర్‌లో ప్రతి మాటా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, అందుకే వేగం సగానికి పడుతుంది. అది పెట్టే చోటు వెనక గది కాదు, దారి మధ్యలో, దానికే సిగ్నల్ మైనస్ 60 కంటే బలంగా అందేచోట. వీలైతే దాన్ని రౌటర్‌కు కేబుల్‌తో కలపండి, అప్పుడు ఆ సగం నష్టం పోతుంది. పెట్టాక ల్యాప్‌టాప్ దేనికి అతుక్కుందో చూడనిదే కొలవకండి, దూరపు రౌటర్‌నే పట్టుకుని వేలాడటం పరికరాలకు అలవాటు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఈ వరుసలో. ఈ సాయంత్రం కేబుల్‌తో స్పీడ్ టెస్ట్, ఆ తరువాత తీగ మీద ఐపెర్ఫ్3. రేపు వెనక గదిలో టేపు గుర్తులు పెట్టి, రెండు రౌటర్లనూ మార్చుతూ ఒక్కోదానితో అయిదేసి సార్లు, రెండు దిశల్లో కొలవండి. ప్రతిసారీ పక్కనే పింగ్ నడుస్తూ ఉండాలి. ప్రతి కొలత పక్కనా సిగ్నల్ బలం, లింక్ రేటు, ఛానల్, గంట రాయండి. తీగ మీద వచ్చిన అంకె, వెనక గది అంకెలన్నీ, వాటిలో పంపే దిశవి విడిగా, భారం మీద పింగ్ ఎక్కడికి ఎక్కిందో ఇక్కడ రాస్తే చూస్తాను. వెనక గదిలో సిగ్నల్ రెండు రౌటర్లతోనూ మైనస్ 75 కంటే బలహీనంగా ఉంటే మాత్రం మిగతా కొలతలతో శ్రమపడకుండా ముందు ఆ సంగతి చెప్పండి. అలాంటప్పుడు ఏ రౌటర్ ఉంచుకోవాలన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఆ గది దాకా కేబుల్ ఏ దారిన లాగవచ్చో మీ ఇంటి పటం చూసి మాట్లాడుకుందాం.